కొత్త కారు డిస్కౌంట్ వెనకున్న లెక్క ఇలా చూసుకోండి

షోరూమ్ బ్యానర్ మీద డిస్కౌంట్ అంకె ఎంత పెద్దగా ఉంటుందో, పక్కన 'వరకు' అనే మాట అంత చిన్నగా ఉంటుంది. ముందు ఆ మాట చదవండి. ఆ పూర్తి తగ్గింపు చాలాసార్లు ఒక్క వేరియంట్‌కే, అదీ కదలకుండా ఉండిపోయిన స్టాకుకే ఇస్తారు. పైగా పాత కారు ఇచ్చి కొత్తది కొంటే వచ్చే ఎక్స్ఛేంజ్ బోనస్, ఫలానా ఉద్యోగులకిచ్చే తగ్గింపు, డీలర్ దగ్గరే లోన్ తీసుకుంటే వచ్చేది, అన్నీ కూడితేనే ఆ అంకె వస్తుంది. అవన్నీ ఒకే మనిషికి దక్కడం అరుదు.

కంపెనీ డీలర్‌కి ఒక రేటుకి కారు ఇచ్చి, మనకు అమ్మడానికి ఇంకో రేటు సూచిస్తుంది. మధ్యలో తేడా డీలర్ మార్జిన్. కొత్త కారు మీద అది మనం అనుకున్నంత ఉండదు, అందుకే లోన్ కమీషన్, ఇన్సూరెన్స్, అదనపు వారంటీ, కోటింగ్, యాక్సెసరీల మీద అంతగా పట్టుబడతారు. వీటికి తోడు, ఇన్ని కార్లు అమ్మితే ఇంత అని కంపెనీ ఇచ్చే టార్గెట్ బోనస్ ఉంటుంది. టార్గెట్‌కి ఒకటి రెండు కార్లు తక్కువపడిన డీలర్ నెలాఖరులోనో, మూడు నెలల లెక్క ముగిసేటప్పుడో అంతకుముందు కుదరదన్న రేటుకే ఒప్పుకోవచ్చు.

ఇంకో సంగతి, డీలర్లు చాలామంది అప్పు తెచ్చి స్టాకు పెడతారు. కారు అమ్ముడుపోని ప్రతి రోజూ వడ్డీ పెరుగుతుంది. కాబట్టి మీకు చూపించిన కారు టైరు పక్క గోడ మీద, DOT (డాట్) అనే ఇంగ్లిష్ అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలు చూడండి. 2324 అని ఉంటే ఆ టైరు 2024లో 23వ వారంలో తయారైంది. కారు వయసు దీంతో ఉజ్జాయింపుగా తెలుస్తుంది, తర్వాత కారు తయారైన నెల ఏదో కాగితం మీదే చూపించమనండి. పాత స్టాకైతే తగ్గించమని గట్టిగా అడగండి.

అసలు జాగ్రత్తగా ఉండాల్సింది "నెలకు ఎంత కట్టగలరు?" అని అడిగినప్పుడు. దానికి జవాబు చెప్పకండి. చిన్న అంకెలతో ఉదాహరణ చూడండి, నెలకు 400 చొప్పున 48 నెలలు కడితే మొత్తం 19,200. అదే 300 చొప్పున 72 నెలలైతే 21,600. కిస్తీ తగ్గింది కదా అని మనం సంతోషపడతాం, కట్టేది మాత్రం 2,400 ఎక్కువ.

సున్నా వడ్డీ అన్నా ఇంతే, దాన్ని తీసుకుంటే నగదు తగ్గింపు పోతుందేమో అడిగి రెండు లెక్కలూ వేసి చూడండి. మీ పాత కారు ఇచ్చే మాట కొత్త కారు ధర తేలాకే ఎత్తండి, లేదంటే పాత కారుకి ధర పెంచినట్టు చూపించి కొత్త కారు తగ్గింపులో కోస్తారు, మనకు తెలియను కూడా తెలియదు.

చివరికి పన్నులు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, 'హ్యాండ్లింగ్' లాంటి చార్జీలతో సహా ఒక్కో లైనూ విడిగా రాసిచ్చిన కొటేషన్ తీసుకోండి. మీరు అడగని ఐటమ్ ఉంటే కొట్టేయమనండి. అదే వేరియంట్‌కి ఇంకో డీలర్ దగ్గరా ఇలాంటి కాగితమే తీసుకుని, రెండింటిలో అన్నీ కలిపి చివర వచ్చిన మొత్తాలు పోల్చండి. అడ్వాన్స్ కట్టే ముందు, బుకింగ్ రద్దు చేసుకుంటే ఎంత తిరిగిస్తారో రసీదు మీద రాయించుకోండి.