పాత పడవ ట్రావెలర్ బాగుచేద్దాం – 3వ భాగం: కారు ఆర్డర్ పెట్టేముందు ట్రాక్ విప్పండి

ట్రావెలర్ అంటే తెరచాపని లాగే తాడు (మెయిన్‌షీట్) కింద పట్టుకునే చోటుని పడవకి అడ్డంగా అటూ ఇటూ జరిపే ఏర్పాటు. మొదటి భాగంలో అది చేసే పని ఏంటో చూశాం, రెండో భాగంలో మెయిన్‌షీట్ మీద లోడ్ ఉన్నప్పుడు కారు, అంటే ట్రాక్ అనే పట్టా మీద బాల్ బేరింగ్‌లతో జరిగే చిన్న బండి, ఎక్కడెక్కడ పట్టేస్తోందో ట్రాక్ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాం. ఆ గుర్తులు చెరిపేయకండి, ఇవాళ వాటితోనే పని. ఈసారి మొత్తం విప్పేసి, ఏది ఉంచుకోవచ్చో ఏది మార్చాలో తేల్చుకుందాం.

కారు జరగడం లేదనగానే చాలామంది కొత్త కారు బయటి దేశం నుంచి తెప్పించేస్తారు. దాని ధర, షిప్పింగ్, పైన కస్టమ్స్ డ్యూటీ అన్నీ కట్టాక ఎప్పటికో వచ్చిన ఆ కొత్త కారు కూడా సరిగ్గా అదే చోట పట్టేస్తుంది, ఎందుకంటే తప్పు కారుది కాదు, దాని కింద ట్రాక్‌ది, లేదా ట్రాక్‌ని పట్టుకున్న బోల్ట్‌ది, లేదా ఆ బోల్ట్ చుట్టూ నానిపోయిన డెక్‌ది. అందుకే పైనుంచి కిందికి ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్దాం, డబ్బులు తీయడం ఆఖర్న.

ముందు బూమ్‌ని (తెరచాప అడుగున ఉండే దూలం) టాపింగ్ లిఫ్ట్ (దాని చివరని పైనుంచి మోసే తాడు) మీద నిలబెట్టి మెయిన్‌షీట్ పూర్తిగా వదులు చేసి విప్పేయండి. తర్వాత కారు చుట్టూ, ట్రాక్ గాడిలో, మంచినీళ్లూ కొంచెం డిష్‌వాష్ లిక్విడ్ వేసి బాగా కడగండి. ఇది లాంఛనం కాదు, చాలా పడవల్లో సగం రోగం ఇక్కడే పోతుంది. మన చెన్నైలో 1911 నుంచి ఉన్న రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ పడవలు పోర్టు లోపలే ఉంటాయి కదా, ఉప్పూ దుమ్మూ కలిసి బాల్స్ మధ్య గట్టి పేస్టులా పేరుకుపోతుంది. దాని మీద ఎవరో గ్రీజు రాసి ఉంటే ఇంకా ఘోరం, గ్రీజు దుమ్ముని వదలదు. ప్లాస్టిక్ బాల్స్ ఉన్న కారుకి గ్రీజు అసలు పెట్టకండి, పొడిగా తిరగడానికే వాటిని చేశారు.

కడిగాక కూడా పట్టేస్తుంటే ఒక చివర ఎండ్ స్టాప్ తీసి కారుని బయటికి తెస్తాం. ఇక్కడ తొందరపడొద్దు. పాత కార్లలో చాలావాటికి బాల్స్‌ని పట్టి ఉంచే తీగ ఉండదు, కారు ట్రాక్ దాటిన మరుక్షణం బాల్స్ అన్నీ రాలి కాక్‌పిట్ డ్రెయిన్‌లోకి దొర్లిపోతాయి. కాబట్టి ముందే డ్రెయిన్‌లో గుడ్డ కుక్కి, కింద పాత తువ్వాలు పరిచి, ట్రాక్ చివరకి అదే సైజు ట్రాక్ ముక్క ఆనించి కారుని దాని మీదికి జరపండి. ముక్క లేకపోతే లోతు ట్రే ఒకటి పట్టుకుని దాంట్లోకే వదిలేయండి. ఒక్కో వైపు ఎన్ని బాల్స్ వచ్చాయో వేరువేరుగా లెక్కపెట్టి రాసుకోండి.

ఇప్పుడు బాల్స్ సంగతి. తెల్లవి సాధారణంగా డెల్రిన్, ముదురు గోధుమ రంగులో ఉండేవి టోర్లాన్, రెండోది ఎక్కువ లోడ్ తట్టుకుంటుంది. ఒక్కోదాన్ని గాజు పలక మీద పెట్టి మెల్లగా దొర్లించండి. గుండ్రంగా ఉన్నది తిన్నగా పోతుంది, ఒక పక్క చదును పడింది ఆగి ఆగి, తడబడుతూ పక్కకి తిరుగుతుంది, చూడగానే తెలిసిపోతుంది. తర్వాత వెర్నియర్‌తో కొలవండి. పాత అమెరికన్ కార్లలో బాల్స్ ఎక్కువగా ఇంచీ లెక్కలో ఉంటాయి, పావు ఇంచీ అంటే 6.35 మిల్లీమీటర్లు. మార్కెట్లో దొరికే 6 మిల్లీమీటర్ల బాల్ చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ ఆ 0.35 తేడాతో కారు ట్రాక్ మీద లొటలొటలాడుతుంది. మార్చితే సెట్ మొత్తం మార్చండి, పాతవాటిలో నాలుగు కొత్తవి కలిపితే అరిగిన వాటికంటే అవే లావు కాబట్టి లోడ్ అంతా వాటి మీదే పడి ముందు అవే పోతాయి.

బేరింగ్ షాపులో సరిగ్గా 6.35 స్టీల్ బాల్స్ చవగ్గా దొరుకుతాయి, వేసేద్దామా అనిపిస్తుంది. వద్దు. ట్రాక్ అల్యూమినియం, దాని మీద గట్టిగా ఉండేది పైన పల్చటి ఆనోడైజింగ్ పొర మాత్రమే, స్టీల్ బాల్ లోడ్ మీద దాన్ని గాడి పడేలా తినేస్తుంది. ఇరవై ఏళ్లు మన్నాల్సిన ట్రాక్‌ని పాడుచేసి బాల్స్ దగ్గర నాలుగు డబ్బులు మిగుల్చుకోవడం లెక్క కాదు.

తిరిగి వేసేటప్పుడు కారులో బాల్స్ కిక్కిరిసి ఉండకూడదు, లైన్‌లో కొంచెం ఖాళీ ఉండాలి. పూర్తిగా నింపేస్తే ఒకదాన్నొకటి రాసుకుంటాయే గానీ తిరగవు.

ఇక ట్రాక్. పెన్సిల్ గుర్తులు పెట్టిన చోట బాల్ పరిగెత్తే గాడిలో గోరుతో నెమ్మదిగా గీస్తూ వెళ్లండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ ఆనోడైజింగ్ పోయి అల్యూమినియం తినేసిందని అర్థం. ఒకటీ రెండు చోట్ల చిన్న గరుకైతే 600 నంబర్ తడి ఎమెరీ పేపర్‌తో తేలిగ్గా రుద్ది వాడుకోవచ్చు. గోతులు పడి తెల్లపొడి రాలుతుంటే ట్రాక్ మార్చాల్సిందే, ఆకురాయితో సరిచేద్దామనుకోకండి. తర్వాత ట్రాక్ పొడవునా దారం బిగించి పట్టి చూడండి. తిన్నటి ట్రాక్ మధ్యలో పైకి ఉబ్బితే ఆ దగ్గర్లో బోల్ట్ వదులైనట్టు. తయారీలోనే వంపు ఉన్న ట్రాక్ అయితే ఈ దారం పరీక్ష పనికిరాదు, ఒక్కో బోల్ట్ దగ్గర చేత్తో పైకి లాగి చూసుకోండి.

కొత్త ట్రాక్ కొనాలని తేలితే ఒక కొలత చాలా ముఖ్యం. పాత ట్రాక్‌లో చిల్లుల దూరం 4 ఇంచీలు, అంటే 101.6 మిల్లీమీటర్లు ఉండొచ్చు, ఇప్పుడు వచ్చేవి చాలావరకు 100. ఒక్క చిల్లు దగ్గర తేడా కనబడదు, పదో అంతరానికి వచ్చేసరికి 16 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది, అప్పుడు డెక్‌లో పాత చిల్లు పక్కనే కొత్త చిల్లు వేయాల్సి వస్తుంది, తేడా కొద్దిగానే ఉన్న మొదటి చిల్లుల దగ్గరైతే రెండూ కలిసి ఒకే పెద్ద బొక్క అయిపోతుంది. అందుకే మొదటి చిల్లు మధ్య నుంచి చివరి చిల్లు మధ్యకి టేపు పెట్టి కొలిచి, మధ్యలో ఉన్న అంతరాల సంఖ్యతో భాగించండి.

ట్రాక్ తీయడానికి ఇద్దరు కావాలి. పైన ఒకరు స్క్రూ తల కదలకుండా గట్టిగా పట్టుకుంటే కింద క్యాబిన్‌లోంచి ఇంకొకరు పానాతో నట్ తిప్పాలి. స్టెయిన్‌లెస్ బోల్టూ అల్యూమినియం ట్రాకూ ఉప్పునీటి తడిలో ఏళ్ల తరబడి ఆనుకుని ఉంటే ఆ రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ లాంటిది నడుస్తుంది, దాంట్లో అరిగిపోయేది అల్యూమినియమే. అలా తయారైన తెల్లపొడి అసలు లోహం కంటే ఎక్కువ జాగా తీసుకుంటుంది కాబట్టి బోల్ట్‌ని చిల్లులో బిగదీసేస్తుంది. అలాంటిదానికి ముందు రోజు రాత్రే పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి వదిలేయండి. పొద్దున్న పెద్ద సోల్డరింగ్ ఐరన్ బోల్ట్ తల మీద ఆనించి వేడి చేసి, చల్లారనిచ్చి, ఇంపాక్ట్ డ్రైవర్‌తో సుత్తి దెబ్బ వేయండి. గ్యాస్ టార్చ్ మాత్రం దగ్గరికి తేవద్దు, కింద ఫైబర్‌గ్లాస్ ఉంది. అప్పటికీ రాకపోతే కోబాల్ట్ బిట్‌తో, తక్కువ స్పీడులో, ఆయిల్ వేస్తూ తల కోసేయడమే.

ట్రాక్ లేచాక అసలు విషయం బయటపడుతుంది. చిల్లులోకి వంచిన మేకు పెట్టి పక్కలకి గీరి చూడండి. పొడిగా లేత చెక్క పొట్టు వస్తే అదృష్టం. ముద్దముద్దగా నల్లటి తడి చెక్క వస్తే డెక్ లోపల కోర్‌గా ఉండే బాల్సా అనే తేలిక చెక్క కుళ్లడం మొదలైంది. నా లెక్కలో ఈ మొత్తం పనిలో ఇదే అన్నిటికంటే ముఖ్యమైన చోటు, ఎందుకంటే మెయిన్‌షీట్ లాగేది పైకి, గాలి వేగం రెట్టింపైతే ఆ లాగుడు నాలుగింతలవుతుంది, ఆ బలమంతా ఈ చిల్లుల చుట్టూ ఉన్న నాలుగు వేళ్ల జాగా మోయాలి. చుట్టూ మెత్తగా పెద్ద మేర తడిసిపోయి ఉంటే అది ఈ పాఠంతో తీరేది కాదు, డెక్ కోసి కోర్ మార్చాలి. చిల్లు చుట్టూ మాత్రమే తడి ఉంటే బాగా ఆరనిచ్చి, 6 మిల్లీమీటర్ల బోల్ట్ ఉన్నచోట 12 మిల్లీమీటర్ల బిట్‌తో పెద్దది చేసి, కింద టేపు అంటించి, ముందు పల్చటి ఎపాక్సీ (హార్డెనర్ కలిపితే గట్టిపడే జిగురు) పోసి చెక్కకి పీల్చుకోనివ్వండి, తర్వాత సిలికా పొడి కలిపిన చిక్కటి ఎపాక్సీతో నింపండి. గట్టిపడ్డాక మధ్యలో 6.5తో చిల్లు వేస్తే బోల్ట్ చుట్టూ అంతా ఎపాక్సీయే, ఎప్పుడైనా నీళ్లు దిగినా చెక్కకి తగలవు. చెన్నై మే ఎండలో ఎపాక్సీ కప్పులోనే పొగలు కక్కి గట్టిపడిపోతుంది, కాబట్టి తెల్లవారుజామునే, స్లో హార్డెనర్‌తో, కొంచెం కొంచెంగా కలుపుకోండి.

కొత్త బోల్టులు 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్‌వే కొనండి. చెన్నై ప్యారీస్ కార్నర్‌లో సెంబుదాస్ స్ట్రీట్ వైపు షాపుల్లో "అన్నా, త్రీ వన్ సిక్స్ కావాలి, త్రీ నాట్ ఫోర్ వద్దు" అని ముందే గట్టిగా చెప్పండి. అయస్కాంతం పెట్టి చూస్తే ఈ రెండింటికీ తేడా తెలియదు. 316లో మాలిబ్డినం ఉంటుంది, దాన్ని చూపించే టెస్ట్ లిక్విడ్ చుక్క వేయమని అడగండి, లేదా తల మీద ఏ4 అని గుద్ది ఉన్నవి తీసుకోండి.

నాలుగో భాగంలో సీలెంట్, కింద బ్యాకింగ్ ప్లేట్, కంట్రోల్ తాళ్ల పుల్లీలు. అప్పటిలోగా ట్రాక్ వెడల్పు, చిల్లుల దూరం, బాల్ సైజు, ఒక్కో వైపు బాల్స్ లెక్క, డెక్ మందం, ఈ ఐదూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, ఖాళీ చిల్లులకి పైనా కిందా టేపు వేసి మూసేయండి, వాన పడితే మళ్లీ మొదటికొస్తుంది.