వాల్యూమ్ మీట గరగరలాడుతుంటే

యాంప్లిఫైయర్ వాల్యూమ్ మీట తిప్పగానే గరగరమన్నా, ఒక స్పీకరు మూగబోయి మీటను కాస్త కదపగానే మళ్ళీ పలికినా, కాంటాక్ట్ క్లీనర్ (విద్యుత్ స్పర్శలను శుభ్రం చేసే స్ప్రే) కొట్టే ముందు ఆ మీట ఏ రకమో తెలుసుకోవాలి. రెండు కొసల్లోనూ ఆగిపోయేది పొటెన్షియోమీటర్; ఆగకుండా ఎంతైనా తిరిగేది సాధారణంగా రోటరీ ఎన్‌కోడర్.

పొటెన్షియోమీటర్ లోపల గుర్రపు లాడం ఆకారంలో ఉన్న కార్బన్ పట్టీ మీద వైపర్ అనే సన్నని లోహపు రేకు జారుతుంటుంది. రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో వింటాం కనుక పట్టీ ఆ చోటే ముందుగా అరుగుతుంది. ఒకసారి పాత రేడియో మీటను విప్పి చూస్తే, రేకు నడిచిన దారి పొడవునా వెంట్రుకంత సన్నని మెరుపు గీత, దాని అంచుల్లో కాటుకలాంటి పొడి కనిపించాయి. ఆ పొడి వల్ల వచ్చే గరగర శుభ్రం చేస్తే పోతుంది. పూత లేచిపోయిన చోట మాత్రం ఏ క్లీనరూ పనిచేయదు.

ముందు ప్లగ్ తీసి, కెపాసిటర్లలో, అంటే విద్యుత్తును నిల్వ ఉంచే భాగాల్లో, ఉన్న ఛార్జి దిగిపోయే దాకా ఆగాలి. వాల్వు సెట్లలో (గాజు వాక్యూమ్ ట్యూబులతో పనిచేసేవాటిలో) ఆ ఛార్జి ప్రాణాంతకం కనుక వాటిని అనుభవజ్ఞులకే వదిలేయడం మంచిది. తర్వాత పొటెన్షియోమీటర్ కాళ్ళ (టంకం వేసే లోహపు కొనల) దగ్గరి సందులోంచి కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, మీటను ఈ కొస నుంచి ఆ కొసకు ఇరవై ముప్పై సార్లు తిప్పి, పూర్తిగా ఆరనివ్వాలి. ఇరుసు పక్కనుంచి కొడితే లోపలి గ్రీజు కరిగి మీట వదులవుతుంది.

అయినా తగ్గకపోతే టంకం కరిగించి భాగాన్ని బయటికి తీసి, మధ్య కాలికీ ఒక చివరి కాలికీ మధ్య నిరోధాన్ని కొలుస్తూ నెమ్మదిగా తిప్పాలి. అంకె సాఫీగా మారాలి. ఎగిరి దూకితే పట్టీ అరిగినట్టే. క్షణకాలపు తెగుదలను పట్టుకోవడంలో డిజిటల్ మీటరు కంటే ముల్లు మీటరే నాకు ఎక్కువ అక్కరకొచ్చింది. రెండు చివరి కాళ్ళ మధ్య మాత్రమే కొలిచి బాగుందనుకోవడం పొరపాటు, ఆ కొలతలో వైపర్ స్పర్శ లెక్కలోకే రాదు.

ఎన్‌కోడర్‌లో ఉండేవి రెండు స్విచ్చులు. ఏది ముందు మూసుకుందో చూసి చిప్ శబ్దం పెంచాలో తగ్గించాలో నిర్ణయిస్తుంది. వాటికి మకిలి పట్టినా, అవి అరిగినా ఆ వరుస తప్పి, పెంచబోతే తగ్గుతుంది. శుభ్రం చేస్తే దక్కే ఊరట తరచూ కొద్దికాలమే కనుక, ఇరుసు పొడవు, చుట్టుకు వచ్చే పల్సుల (విద్యుత్ సంకేతాల) సంఖ్య సరిపోయే కొత్తది వేయడమే మేలు.

కొత్త పొటెన్షియోమీటర్ వేసినా గరగర పోకపోతే, దానికి ముందుండి డీసీని (ఒకే దిశలో పారే కరెంటును) ఆపాల్సిన కెపాసిటర్ లీకై డీసీ వోల్టేజి మీట దాకా వస్తున్నదేమో కొలిచి చూడాలి.