పాత కారులో పికప్ తగ్గినప్పుడు లోపాన్ని వెతికే పద్ధతి

‘బండికి పికప్ లేదు’ అనే మాట వెనుక రెండు వేర్వేరు లోపాలు ఉండవచ్చు. పెడల్ నొక్కిన క్షణంలో ఇంజిను తడబడి, ఆ తరువాత మామూలుగా అందుకోవడం ఒకటి. పెడల్ ఎంత నొక్కినా, ముఖ్యంగా ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు, బండి లాగకపోవడం రెండోది. ఏది తమ బండి లోపమో తేల్చుకోకుండా షెడ్డుకు తీసుకువెళితే ప్లగ్గులు, కాయిల్, కార్బురేటర్ (గాలిలో పెట్రోలును కలిపే భాగం) కిట్ వరుసగా మారుతాయే తప్ప సమస్య తీరదు. 796 సీసీ ఇంజినుతో వచ్చిన పాత కార్బురేటర్ మారుతి 800ను దృష్టిలో పెట్టుకుని రాసినా, ఈ పద్ధతి ఆ తరం పెట్రోలు కార్లలో చాలావాటికి పనికివస్తుంది.

ఇంజినును అనుమానించే ముందు క్లచ్చినీ బ్రేకులనూ చూడాలి. ఇంజిను మోత పెరుగుతున్నా వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతున్నట్టు. బ్రేకు పెద్దగా వాడకుండా కొంతదూరం నడిపి ఆపినప్పుడు ఒక చక్రం మాత్రమే బాగా వేడెక్కి ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తున్నట్టు.

తరువాత యాక్సిలరేటర్ కేబుల్. ఇంజిను ఆపి, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, ఒకరు పెడల్‌ను పూర్తిగా నొక్కుతుండగా మరొకరు కార్బురేటర్ పక్కనున్న లీవరు చివరి వరకు తిరుగుతున్నదో లేదో చూడాలి. కేబుల్ సాగినా, పెడల్ కింద మందపాటి మ్యాట్ అడ్డుపడినా లీవరు సగంలోనే ఆగిపోతుంది. ఖర్చు లేని ఈ పరీక్షను చాలామంది చేయరు.

నొక్కిన క్షణంలోనే తడబాటు ఉంటే మొదటి అనుమానం యాక్సిలరేటర్ పంపు మీదే. థ్రాటిల్ (ఇంజినులోకి గాలి దారిని తెరిచే రేకు) ఒక్కసారిగా తెరుచుకున్నప్పుడు గాలి వెంటనే లోపలికి దూసుకువస్తుంది కానీ, బరువైన పెట్రోలు అంత త్వరగా కదలలేదు. ఆ లోటును పూడ్చడానికే ఈ పంపు కొద్దిగా పెట్రోలును చిమ్ముతుంది. చల్లారిన ఇంజినును ఆపి ఉంచి, కార్బురేటర్ నోటిలోకి పక్కనుంచి చూస్తూ లీవరును చేత్తో తిప్పితే, సన్నని ధార వెంటనే, తెగకుండా పడాలి. ధార ఆలస్యంగా వచ్చినా, బొట్లుగా రాలినా పంపు రబ్బరు పాడైనట్టు, లేదా దాని రంధ్రం పూడుకుపోయినట్టు. ఈ పని చేసేటప్పుడు దగ్గరలో నిప్పు, సిగరెట్టు ఉండకూడదు.

పంపు బాగానే ఉంటే ఇంజిను పీల్పును అందించే సన్నని వ్యాక్యూమ్ గొట్టాలను వంచి పగుళ్ల కోసం చూడాలి. ఐడ్లింగ్ (పెడల్ నొక్కకుండా ఇంజిను నడవడం) నిలకడగా లేకుండా, ‘ఉస్’మనే శబ్దం వినిపిస్తుంటే ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి పోతున్నదని అర్థం. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మీద, పీల్పును బట్టి నిప్పురవ్వ సమయాన్ని ముందుకు జరిపే వ్యాక్యూమ్ అడ్వాన్స్ డబ్బాకు శుభ్రమైన గొట్టం తగిలించి నోటితో పీల్చినప్పుడు లోపలి ప్లేటు కదలాలి, గొట్టం మూసి ఉంచినంతసేపు అలాగే నిలవాలి. నిలవకపోతే డబ్బాలోని పలుచని పొర (డయాఫ్రం) చిరిగినట్టే.

మొత్తంగా లాగే శక్తి లేనప్పుడు లక్షణమే దారి చూపుతుంది. కొద్దిసేపు బాగా నడిచి, పొడవైన ఎత్తు మీద నీరసించి, కాలు తీస్తే మళ్లీ కోలుకుంటే ఫ్యూయల్ ఫిల్టర్ లేదా ఫ్యూయల్ పంపు పెట్రోలును చాలినంత అందించడం లేదు. కుదుపులతో మిస్సింగ్ (మధ్యమధ్యలో పెట్రోలు మండకపోవడం) వస్తుంటే ప్లగ్గులు, వైర్లు చూడాలి. చీకట్లో బానెట్ తెరిచి ఇంజిను నడిపితే వైర్ల మీద నిప్పురవ్వలు కనిపించవచ్చు, అయితే వాటిని ముట్టుకోకూడదు. కుదుపు ఏమీ లేకుండా నిదానంగా ఉంటే టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ పుట్టే సమయం) వెనకబడి ఉండవచ్చు. ఎయిర్ ఫిల్టర్‌ను ఎలాగూ మార్చడమే మేలు. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు తయారుచేయని పాత గొట్టాలు త్వరగా చెడిపోతాయి కాబట్టి, వాటిని కూడా పట్టి చూడాలి.

కార్బురేటర్‌కు బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ బండిలో యాక్సిలరేటర్ పంపు ఉండదు. అక్కడ థ్రాటిల్ బాడీలో పేరుకున్న మసిని శుభ్రం చేసి, తరువాత థ్రాటిల్ పొజిషన్ సెన్సర్‌ను మల్టీమీటరుతో పరీక్షించాలి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, ఇంజిను నడపకుండా పెడల్‌ను మెల్లగా నొక్కితే వోల్టేజీ సాఫీగా పెరగాలి. మధ్యలో ఎక్కడైనా ఉన్నట్టుండి పడిపోయిందంటే సెన్సర్ లోపలి ట్రాక్ అక్కడ అరిగింది, దానిని మార్చక తప్పదు.