నెలలు నిండకుండా పుట్టిన పాపతో నేల మీద ఆటలు

మా పాప 31వ వారంలో, 1,400 గ్రాములతో పుట్టింది. ఐదు నెలలు నిండినా మెడ గట్టిగా నిలవట్లేదని నాకు ఒకటే టెన్షన్. ఫిజియోథెరపిస్టు క్యాలెండర్ ముందు పెట్టి లెక్క వేయించింది. పుట్టి 22 వారాలు, ముందే వచ్చింది 9 వారాలు. తీసేస్తే 13. అంటే మూడు నెలల పిల్ల! దీన్నే సరిచేసిన వయసు అంటారు. ఆ వయసుకి మెడ కాస్త ఊగడం మామూలే. రెండేళ్లు నిండేదాకా ఎదుగుదలను ఇలాగే లెక్కేసుకోండి. టీకాలకు మాత్రం పుట్టిన తేదీయే.

చివరి నెలల్లో కడుపులో చోటు చాలక బిడ్డ ముడుచుకుని పెరుగుతుంది. ముందే బయటికొచ్చేసిన వాళ్లకి ఆ ముడుచుకోవడం అలవాటు కాదు. మా పాప చేతులు రెండు పక్కలా పడేసుకుని, వీపు విల్లులా విరిచేది. అందుకే మెలకువగా ఉన్నప్పుడు పక్కకి తిప్పి, వీపు వెనక చుట్టిన తువ్వాలు పెట్టి, ఎదురుగా నేను పడుకునేదాన్ని. అలా ఉంటే రెండు చేతులూ ముందుకొచ్చి కలుస్తాయి, నోటికి అందుతాయి. ఎత్తుకునేటప్పుడూ మోకాళ్లు ముడిచి, పక్కకి దొర్లించి లేపాలి. నిద్రపుచ్చేది మాత్రం వెల్లకిలానే, తువ్వాళ్లేమీ లేకుండా.

బోర్లా పడుకోబెట్టడం మొదట నా గుండె మీదే. ఒక్కోసారి ఒకటి రెండు నిమిషాలు, రోజుకి నాలుగైదుసార్లు. నేల మీదికి తర్వాత మార్చాం.

నేను చేసిన తప్పు, గిలక్కాయ ఆపకుండా ఊపడం. వేళ్లు విచ్చుకున్నా, ఎక్కిళ్లొచ్చినా, ముఖం తిప్పేసినా చాలు, అలసిందని అర్థం. ఆపేయండి. ఇంకోటి: ఎత్తి పట్టుకుంటే మునివేళ్ల మీద బిగుసుకుని నిలబడుతోందని మురిసిపోయాను. అది బలం కాదట, బిగుతట. నిలబెట్టడం మానేశాం, కొన్న వాకర్ అటకెక్కింది.

సరిచేసిన వయసు ప్రకారం నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోయినా, పిడికిళ్లు ఎప్పుడూ బిగించే ఉన్నా, కాళ్లు కత్తెరలా పెనవేసుకున్నా, తొమ్మిది నెలలకి కూర్చోకపోయినా వెంటనే డాక్టరుకి చూపించండి. ఏడాది లోపే ఒక్క చేతినే వాడుతుంటే "ఎడమచేతి వాటమేమో" అని నవ్వి ఊరుకోవద్దు. మెదడు త్వరగా నేర్చుకునే వయసు ఇదే కాబట్టి, అనుమానం ఉన్నప్పుడే వ్యాయామాలు మొదలుపెట్టిస్తారు.

ఆస్పత్రికి వెళ్లగానే మా పాప ఎప్పుడూ నిద్రపోయేది. అందుకే ఇంట్లో హుషారుగా కాళ్లూ చేతులూ ఆడిస్తున్నప్పుడు ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో తీసి పట్టుకెళ్లేదాన్ని.