దూరంలో ఉన్న విండోస్ కంప్యూటర్లలో పైథాన్‌తో ఫైళ్లు కాపీ చేయడం ఎలా?

ఒకే ఫోల్డర్‌ని నెట్‌వర్క్‌లోని చాలా విండోస్ కంప్యూటర్లలోకి పంపాలి. పని ఇలా వచ్చినప్పుడు చాలామంది నేరుగా రిమోట్‌లో స్క్రిప్ట్ రన్ చేసే దారి వెతుకుతారు. అంతకంటే ముందు ఒకటి తేల్చుకోండి: ఆ స్క్రిప్ట్ నిజంగా అక్కడే నడవాలా? చాలాసార్లు అక్కర్లేదు.

ముందు మీ దగ్గరి నుంచే ప్రయత్నించండి

అవతలి కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్ షేర్ అయి ఉండి, అందులో రాసే పర్మిషన్ మీ అకౌంట్‌కి ఉంటే, పైథాన్ మీ కంప్యూటర్‌లో ఉంటే చాలు. షేర్ దారి \\కంప్యూటర్‌పేరు\షేర్‌పేరు అన్న రూపంలో ఉంటుంది. పైథాన్‌తోపాటే వచ్చే షటిల్ (shutil) మాడ్యూల్‌లోని కాపీట్రీకి (copytree) ఆ దారి ఇస్తే మొత్తం ఫోల్డర్ వెళ్లిపోతుంది. అక్కడ ఆ ఫోల్డర్ ముందే ఉంటే ఎర్రర్ వస్తుంది కాబట్టి డిర్స్_ఎగ్జిస్ట్_ఓకే (dirs_exist_ok) అనే ఆప్షన్‌కి ట్రూ ఇవ్వండి. ఇది పైథాన్ 3.8 నుంచి ఉంది. దారి రాసేటప్పుడు కోట్‌కి ముందు ఆర్ అక్షరం పెట్టడం మరవద్దు, లేకపోతే బ్యాక్‌స్లాష్‌లను పైథాన్ వేరేగా అర్థం చేసుకుంటుంది.

ఈ పద్ధతికి ఫైర్‌వాల్‌లో 445 పోర్ట్ తెరిచి ఉండాలి, అంతే.

మరి అక్కడే ఎప్పుడు నడపాలి? ఆ కంప్యూటర్‌లోనే ఒక డ్రైవ్ నుంచి ఇంకో డ్రైవ్‌కి కాపీ చేయాల్సినప్పుడు, లేదా పంపే ముందు ఫైళ్లను జిప్ చేయాల్సినప్పుడు. ఆ పని మీ దగ్గరి నుంచి చేస్తే డేటా అంతా మీ కంప్యూటర్‌కి వచ్చి మళ్లీ వెనక్కి వెళ్తుంది. అది దండగ.

అక్కడే నడపాలంటే

మొదట అవతలి కంప్యూటర్‌లో పైథాన్‌ని అందరు యూజర్లకీ వర్తించేలా ఇన్‌స్టాల్ చేయండి. ఒక యూజర్ కోసమే చేస్తే అది ఆ యూజర్ ఫోల్డర్‌లో కూర్చుంటుంది, మీరు వేరే అకౌంట్‌తో వెళ్తే కనిపించదు. కమాండ్‌లో ఉత్తి పైథాన్ అని కాకుండా దాని పూర్తి దారి రాయడం మంచిది.

తర్వాత ఆ కంప్యూటర్ బయటి నుంచి వచ్చే కమాండ్లను తీసుకునేలా, అక్కడ పవర్‌షెల్‌ని అడ్మిన్‌గా తెరిచి ఎనేబుల్-పీఎస్‌రిమోటింగ్ (Enable-PSRemoting) కమాండ్ ఇవ్వండి. విండోస్ సర్వర్ 2012 నుంచి సర్వర్లలో ఇది ముందే ఆన్‌లో ఉంటుంది, మామూలు విండోస్‌లో మనమే చేయాలి. నెట్‌వర్క్ పబ్లిక్ అని సెట్ అయి ఉంటే ఈ కమాండ్ మొరాయిస్తుంది, ప్రైవేట్‌కి మార్చి మళ్లీ ఇవ్వండి. ఇది వాడే పోర్ట్ 5985.

ఇప్పుడు మీ కంప్యూటర్ నుంచి న్యూ-పీఎస్‌సెషన్‌తో ఒక సెషన్ తెరవండి. కాపీ-ఐటెమ్ కమాండ్‌కి టూ-సెషన్ ఆప్షన్ ఇచ్చి స్క్రిప్ట్‌ని అటు పంపండి. ఆపైన ఇన్వోక్-కమాండ్‌తో పైథాన్‌ని పిలిచి ఆ స్క్రిప్ట్ నడిపించండి. అవతలి కంప్యూటర్‌లో కమాండ్లను పైథాన్ నుంచే నడపాలనుకుంటే పైవిన్‌ఆర్‌ఎమ్ (pywinrm) లైబ్రరీ ఉంది. కంప్యూటర్లు డొమైన్‌లో (ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ ఒకేచోటి నుంచి నిర్వహించే ఏర్పాటు) లేకపోతే అవతలి కంప్యూటర్ పేరుని మీ దగ్గర ట్రస్టెడ్‌హోస్ట్స్ జాబితాలో చేర్చాలి. అందరినీ నమ్మేలా నక్షత్రం గుర్తు పెట్టి వదిలేయకండి.

రిమోట్‌లో ప్రోగ్రామ్‌లు నడిపే మైక్రోసాఫ్ట్ టూల్ పీఎస్‌ఎగ్జెక్ (PsExec) కూడా పనిచేస్తుంది కానీ యాంటీవైరస్‌లు దాన్ని తరచూ అనుమానిస్తాయి. నేనైతే దాని జోలికి పోను.

ఎక్కువమంది ఇరుక్కునే చోటు

స్క్రిప్ట్ అక్కడ కూర్చుని నడిపితే చక్కగా నడుస్తుంది, రిమోట్‌లో నడిపితే మాత్రం ఇంకో కంప్యూటర్‌లోని షేర్ దగ్గర 'యాక్సెస్ డినైడ్' అంటుంది. పర్మిషన్లన్నీ సరిగ్గానే ఉంటాయి. అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

దీన్ని డబుల్ హాప్ సమస్య అంటారు. మీరు మీ కంప్యూటర్ నుంచి రెండో కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యారు, అది మిమ్మల్ని గుర్తుపట్టింది. కానీ మీ పాస్‌వర్డ్ దాని చేతికి రాలేదు. అందువల్ల అది మీ తరఫున మూడో కంప్యూటర్ తలుపు తట్టలేదు. ఎస్‌ఎస్‌హెచ్ కీతో (పాస్‌వర్డ్ బదులు కీ ఫైల్‌తో) లాగిన్ అయినా ఇదే తంతు.

అన్నిటికంటే తేలిక దారి ఏమిటంటే, అసలు రెండో అడుగే లేకుండా చూడటం. కావలసిన ఫైళ్లను ముందు మీరే అక్కడికి పంపి, స్క్రిప్ట్‌ని ఆ కంప్యూటర్ లోపలి ఫోల్డర్లతో మాత్రమే పని చేయనివ్వండి. కుదరకపోతే అక్కడి టాస్క్ షెడ్యూలర్‌లో, షేర్‌కి పర్మిషన్ ఉన్న అకౌంట్‌తో స్క్రిప్ట్‌ని టాస్క్‌గా పెట్టండి. క్రెడ్‌ఎస్‌ఎస్‌పీ ఆన్ చేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అది మీ పాస్‌వర్డ్‌ని అవతలి కంప్యూటర్‌కి అప్పగిస్తుంది, ఆ కంప్యూటర్ ఎవరి చేతిలోనైనా పడితే పాస్‌వర్డ్ కూడా పడినట్టే.

ఇలాంటిదే ఇంకొకటి: జెడ్ డ్రైవ్ అని మీరు మ్యాప్ చేసుకున్న అక్షరం రిమోట్ సెషన్‌లో ఉండదు. స్క్రిప్ట్‌లో పూర్తి షేర్ దారే రాయండి.

కాపీ అయిందని ఎలా నమ్మాలి?

షటిల్‌లోని కాపీ2 ఫైల్ మార్చిన తేదీని నిలుపుతుంది కానీ విండోస్ పర్మిషన్లను, ఓనర్‌ని తీసుకెళ్లదు. అవి కూడా కావాలంటే విండోస్‌లోనే ఉండే రోబోకాపీ ప్రోగ్రామ్‌ని పైథాన్ నుంచి /COPY:DATSO ఆప్షన్‌తో పిలవండి. ఇక్కడొక మెలిక ఉంది. మామూలుగా ప్రోగ్రామ్ సున్నా ఇస్తే సక్సెస్, ఇంకేదిచ్చినా ఫెయిల్. రోబోకాపీ మాత్రం ఫైళ్లు బాగా కాపీ అయినప్పుడు 1 ఇస్తుంది. 8 లేదా అంతకంటే ఎక్కువ వస్తేనే ఫెయిల్. పైథాన్ నుంచి వేరే ప్రోగ్రామ్‌ని పిలిచే సబ్‌ప్రాసెస్ (subprocess) మాడ్యూల్‌లో చెక్ ఆప్షన్‌కి ట్రూ ఇస్తే సరిగ్గా జరిగిన కాపీకి కూడా స్క్రిప్ట్ ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. అందుకే ఆ ఆప్షన్ వదిలేసి రిటర్న్ కోడ్‌ని మీరే పరీక్షించండి.

చాలా కంప్యూటర్లకి పంపుతుంటే ప్రతి కంప్యూటర్‌కీ విడిగా ట్రై-ఎక్సెప్ట్ పెట్టి, ఫలితాన్ని లాగ్ ఫైల్‌లో రాయించండి. ఒకటి ఆఫ్‌లో ఉందని మిగతావి ఆగకూడదు. అవతల ఎవరో తెరిచి ఉంచిన ఫైల్ మీద రాయబోతే పర్మిషన్‌ఎర్రర్ రావచ్చు. దాన్ని కూడా లాగ్‌లో రాసి వదిలేయండి. తర్వాతి విడతలో లాగ్‌లో ఫెయిల్ అని ఉన్న కంప్యూటర్లకే స్క్రిప్ట్ మళ్లీ నడిపితే సరిపోతుంది.