పొదుపు సంఘం మీటింగులో లీడరు ఎలా వినాలి

పది పదిహేనుమంది ఉండే సంఘంలో బ్యాంకుకు వెళ్లేది లీడర్లే, చెక్కు మీద సంతకాలూ వాళ్లవే. దాంతో నిర్ణయాలు కూడా వాళ్ల చేతుల్లోకే పోతాయి. మిగతావాళ్లు "మీరెట్లంటే అట్లే అక్కా" అని తీర్మానం మీద సంతకం పెట్టేస్తారు. ఆ మాట వినబడితే ఆ మీటింగులో ఎవరూ నోరు విప్పనట్టే లెక్క.

అందరూ గుండ్రంగా, కిందే కూర్చోండి. లీడరుకు మాత్రం కుర్చీ వేయొద్దు. పోయిన మీటింగులో రాసుకున్నది చదివాక పొదుపు, కిస్తీలు వసూలు చేసి, పుస్తకంలో ఎక్కించి, డబ్బు పక్కన పెట్టేయండి. కొత్త మాటలు ఆ తర్వాతే. నోట్లు లెక్కపెడుతూ "ఊ, చెప్పు" అంటే లెక్కా తప్పుతుంది, చెప్పేమనిషికి మనసూ విరుగుతుంది.

అప్పు అడిగే ప్రతి సభ్యురాలూ మూడు సంగతులు చెప్పాలి: ఎంత కావాలి, దేనికి, ఏ నెల నుంచి కట్టగలదు. ఆపైన ఒక్కొక్కరినీ పేరు పెట్టి అభిప్రాయం అడగండి. పోయిన నెల అసలు మాట్లాడనివాళ్లతో మొదలుపెట్టి, లీడర్లు చివర మాట్లాడాలి. లీడరు ముందే "ఈమెకిద్దాం" అంటే ఇక కాదనేవాళ్లుండరు. అడిగాక మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగండి. మెల్లగా మాట్లాడేవాళ్లకు ఆ మాత్రం వ్యవధి కావాలి.

కష్టమంతా కిస్తీ తప్పినప్పుడే. పదిమందిలో "ఎందుకు కట్టలేదు?" అంటే వచ్చే జవాబు ఒకటే: "వచ్చే నెల కడతా." అది పరువు కాపాడుకోవడానికి చెప్పే మాట. కారణం అందులో ఉండదు. గట్టిగా నిలదీస్తే వచ్చే నెల మీటింగుకే రాదు. పుస్తకంలో బాకీ రాసి ఊరుకోండి. రెండు మూడు రోజుల్లో ఒక్క లీడరే వెళ్లి, ఇంట్లోవాళ్లు లేని చోట, చేను దగ్గరో పనికి పోయే దారిలోనో పలకరించండి. "ఈ నెల చేతికెంత వచ్చింది? ఎవరెవరికి కట్టాలి?" అని అడగండి. ప్రైవేటు ఫైనాన్స్ వారం కిస్తీలు బయటపడొచ్చు. సంఘం అప్పు ఆమె పేరున తీసి ఆడబిడ్డ వాడుకుందనీ తేలొచ్చు. మొదటిదానికి కిస్తీ తగ్గించి గడువు పెంచాలి. రెండోదానికి ఆడబిడ్డతో మాట్లాడాలి. కారణం తెలియకుండా జరిమానా వేస్తే రెండూ ముదురుతాయి.

విన్నది తిరిగి చెప్పండి: "అంటే వారానికి ఎనిమిది వందలు ఫైనాన్స్‌కు పోతున్నాయి, పత్తి డబ్బు వచ్చేదాకా ఇక్కడ సగం కట్టగలవు, అంతేనా?" ఆమె "సగం కాదక్కా, మూడొందలే" అనొచ్చు. పుస్తకంలో రాయాల్సిన అంకె అదే. సంఘంలో ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో కూడా ఆమెనే అడగండి.

ఇంటి గొడవలు తెస్తే "అవి ఇక్కడొద్దు" అనకండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాత్రి చదువుల దగ్గర మొగుళ్ల తాగుడు గురించి మాట్లాడుకోబట్టే సారా వ్యతిరేక ఉద్యమం లేచింది, 1993లో సారా నిషేధం వచ్చింది. అయితే ఇలాంటి మాటకు వెంటనే సలహా ఇవ్వొద్దు. "ఇప్పుడు మేమేం చేయాలి, వింటే చాలా?" అని అడగండి.

మినిట్స్‌లో తీర్మానం ఒక్కటే రాయించొద్దు, ఎవరు ఏం అభ్యంతరం చెప్పారో కూడా రాయించండి. వచ్చే మీటింగులో మొదట అదే చదివి, ఏది చేశారో, ఏది చేయలేకపోయారో, ఎందుకో చెప్పి ఆ తర్వాతే వసూళ్లకు రండి.