ఇంట్లో గ్లోరియోసమ్ – 3వ పాఠం: పాకే మొక్కకు పొడవాటి తొట్టి

గ్లోరియోసమ్ అంటే ముఖమల్ లాంటి ఆకులతో నేలమీద పాకే మొక్క. మొదటి రెండు పాఠాల్లో అసలు గ్లోరియోసమ్‌ను సంకరాల నుంచి వేరుగా గుర్తుపట్టడం, కొత్తగా తెచ్చిన మొక్కను రెండు వారాలు విడిగా ఉంచి పురుగు పట్టిందేమో చూడడం నేర్చుకున్నాం. ఇప్పుడు మొక్క నర్సరీవాళ్ళిచ్చిన గుండ్రటి కుండీలోనే ఉండి ఉంటుంది. ఈ పాఠంలో దాని కుండీ మారుస్తాం.

ఫిలోడెండ్రాన్ గ్లోరియోసమ్ సొంత ఊరు కొలంబియా అడవులు. 1876లో ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త ఆంద్రే దానికి ఆ పేరు పెట్టాడు. మనీప్లాంటులా చెట్టెక్కదు, నేలమీద పాకుతుంది. దాని కాండం పసుపు కొమ్ములా లావుగా, కణుపులతో ఉంటుంది కాబట్టి ఇకపై దాన్ని ‘కొమ్ము’ అనే అందాం. పోలిక అంతవరకే. పసుపు కొమ్మును పాతిపెడతాం, దీన్ని పాతితే కుళ్ళే ప్రమాదం ఉంది. అడవిలో ఇది రాలిన ఆకుల పొర మీద పడి ఉంటుంది. అడుగువైపు నుంచి వేర్లు కిందికి దిగుతాయి, పైవైపుకు ఎప్పుడూ గాలి తగులుతుంది. ఈ మొక్క పెంపకంలో ఎదురయ్యే చిక్కులు సగం ఈ ఒక్క సంగతి మరవడం వల్ల వచ్చేవే.

తొట్టి

గుండ్రటి కుండీ అమ్మేవాళ్ళ సౌకర్యం కోసం, మొక్క కోసం కాదు. కొమ్ము ముందుకు పాకి అంచును తాకుతుంది, ఆపై గాల్లోకి వేలాడుతుంది. దాని వేర్లకు తడి అందదు, వచ్చే ఆకు ముందుదానికన్నా చిన్నదవుతుంది. మొక్క బలహీనపడిందనుకుని ఎరువు పెంచుతాం, దానికి కావలసింది మాత్రం చోటు.

నాలుగైదు ఆకులున్న మొక్కకు బాల్కనీ రెయిలింగుకు తగిలించే దీర్ఘచతురస్రపు తొట్టి చాలు: పొడవు 45, వెడల్పు 20, లోతు 15 సెంటీమీటర్లు. అంతకన్నా లోతు వద్దు. వేర్లు చేరని అడుగు మట్టి రోజుల తరబడి తడిగా ఉండి మురుగుతుంది. మంచి పరిస్థితుల్లో ఏడాదికి నాలుగు నుంచి ఆరు ఆకులు వస్తాయి. ఒక్కో ఆకుకు ఒక కణుపు, కణుపుల మధ్య సుమారు 3 సెంటీమీటర్లు. ఆ లెక్కన ఈ తొట్టి రెండేళ్ళు వస్తుంది.

ఇలాంటి తొట్లకు చాలావాటికి రంధ్రాలుండవు, లేదా రెండే ఉంటాయి. 8 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో అడుగున 5 సెంటీమీటర్లకొకటి చొప్పున రెండు వరసలు పెట్టండి.

మిశ్రమం

ఈ తొట్టికి 10 లీటర్లు పడుతుంది. కొలవడానికి లీటరు మగ్గు చాలు: కొబ్బరి డొక్క ముక్కలు (కోకో చిప్స్ పేరుతో అమ్ముతారు) 4, పెర్లైట్ (తేలికైన తెల్లటి ఖనిజపు గుళికలు) 2, కట్టెబొగ్గు ముక్కలు ఒకటిన్నర, వర్మీకంపోస్టు ఒకటిన్నర, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) 1. ఎర్రమట్టి, తోటమట్టి గుప్పెడు కూడా వద్దు.

బొగ్గు ఇస్త్రీ బండ్లవాళ్ళు వాడేదే పనికొస్తుంది. శనగ గింజంత నుంచి వేలికొసంత ముక్కలుగా కొట్టి, పొడి పోయేలా కడగండి. డొక్క ముక్కల్లోనూ కోకోపీట్‌లోనూ ఉప్పు ఉంటుంది. 12 గంటలు నానబెట్టి పారబోయండి, అలా మూడుసార్లు. మొదటి నీళ్ళు టీ డికాషన్‌లా దిగుతాయి, మూడోసారికి లేత రంగుకు రావాలి. ఈ పని తొందరలో వదిలేస్తే నెల తర్వాత ఆకుల కొసలు గోధుమరంగుకు మాడతాయి. అప్పుడు నేరం ఎండ మీదికి పోతుంది.

తొట్టిలో 11 సెంటీమీటర్ల ఎత్తు వరకు నింపి ఒక లీటరు నీళ్ళు పోసి చూడండి. అర నిమిషంలో అడుగునుంచి కారడం మొదలవ్వాలి. పైన మడుగు కట్టి నిలిస్తే మిశ్రమం మెత్తనైపోయిందని అర్థం. ఇంకో లీటరు డొక్క ముక్కలు కలపండి.

నాటడం

చేతులకు గ్లౌజులు వేసుకోండి. ఇది మన చేమ, కందల కుటుంబమే. విరిగిన చోట కారే రసం చేమదుంప తరిగినప్పటిలాగే దురద పెడుతుంది.

పాత కుండీని పక్కలు నొక్కి మొక్కను వదులు చేయండి. కాడలు పట్టి లాగవద్దు, మొదలు దగ్గర పట్టు తప్పి ఊడొస్తాయి. మట్టిని వేళ్ళతో విదిలించండి, అంటుకున్నది గోరువెచ్చని నీళ్ళలో కడగండి. నల్లబడి, నొక్కితే తోలు జారిపోయే వేర్లను స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో తీసేయండి. గట్టిగా ఉన్న గోధుమరంగు వేర్లు బతికున్నవే, వాటి జోలికి పోవద్దు.

ఇప్పుడు కొమ్ముకు ముందేదో, వెనకేదో చూడండి. లేత తొడుగు, కొత్త ఆకు ఉన్న వైపు మొన. ఆకులు రాలిన మచ్చలున్న వైపు తోక. తోకను తొట్టి పొట్టి గోడకు 3 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, మొనను పొడవు వైపు తిప్పండి. వేర్ల కోసం మధ్యలో కాలువలా తీసి, వాటిని అందులోకి దించి, పక్కలనుంచి మిశ్రమం సర్దండి. కొమ్ములో అడుగు మూడోవంతే మిశ్రమాన్ని తాకాలి, మిగతాది బయటికి కనబడాలి.

మొదట్లో మొక్క ఒరుగుతుంది. నిలబెట్టడానికి కొమ్ముమీద మట్టి ఎగదోయాలని చెయ్యి లాగుతుంది. దాని బదులు ప్లాస్టిక్ తొడుగున్న కరెంటు వైరు 15 సెంటీమీటర్ల ముక్కలు రెండు తీసుకుని, తలపిన్నుల్లా వంచి, కొమ్ముకు అటూ ఇటూ దిగేలా గుచ్చండి. పిన్ను కణుపుల మధ్య ఉండాలి, కణుపు మీది మొగ్గను నొక్కకూడదు. రెండు కొత్త ఆకులు వచ్చాక తీసేయవచ్చు.

చివరగా మొన ముందు 5 సెంటీమీటర్ల మేర, తడిపి పిండిన స్ఫాగ్నమ్ మాస్‌ను (నీళ్ళు పట్టి ఉంచే ఎండు నాచు) పలచగా పరవండి. మొన పైన కాదు, ముందు, కింద. రేపు పుట్టే వేరుకు అది మొదటి పట్టు.

చోటు, నీళ్ళు

తొట్టిని తూర్పు కిటికీకి మీటరు దూరంలో, మొన కిటికీ వైపు ఉండేలా పెట్టండి. ఆకులు వెలుగువైపు తిరుగుతాయి కాబట్టి, మొన గదివైపు ఉంటే అవి వెనక్కి మళ్ళి ఒకదానిమీదొకటి పడతాయి. మిగతా కుండీలను తిప్పినట్టు వారం వారం దీన్ని తిప్పవద్దు.

వేలు 4 సెంటీమీటర్లు దించి పొడిగా తగిలితేనే నీళ్ళు. ఎండాకాలంలో మూడు నాలుగు రోజులకు, వానాకాలంలో వారం పది రోజులకు అవసరం పడవచ్చు. తొట్టి గోడల వెంబడి పోయండి. మొన దగ్గరి తొడుగులో నీళ్ళు నిలిస్తే లోపలి ఆకు విప్పుకోకముందే కుళ్ళుతుంది. బోరు నీళ్ళను టీడీఎస్ మీటరుతో (నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచేది) చూడండి. 300 దాటితే వాననీళ్ళో, ఆర్వో నీళ్ళో సగానికి సగం కలపాలి. ఆర్వో యంత్రం వదిలేసే నీళ్ళు మాత్రం వద్దు, ఉప్పంతా చేరేది అందులోకే. కుండీ మార్చిన మూడు వారాల దాకా ఎరువు వేయవద్దు.

తేమ 60 శాతం పైన ఉంటే మేలు. తెలంగాణ మే నెల వడగాలికీ, న్యూజెర్సీ జనవరి హీటరుకూ ఒకటే ఫలితం: కొత్త ఆకు తొడుగులోనే అంటుకుపోయి చిరుగుతుంది. వేళ్ళతో విప్పవద్దు. ఆ ఆకుపైన పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి వదులుగా రెండు రాత్రులు కప్పండి, చాలావరకు అదే వదులవుతుంది. ముఖమల్ ఆకుల మీద నీళ్ళు చల్లితే తేమ పెరగదు, మరకలు మాత్రం పడతాయి.

మొన కుళ్ళితే

నాటిన పది రోజుల్లో అన్నిటికన్నా పాత ఆకు ఒకటి పసుపైతే కంగారు వద్దు. కొత్త ఆకు కాడ మొదలు దగ్గర మెత్తబడి వాసన వేస్తే మాత్రం ఆ రోజే చూడాలి. మొనను వేలితో నొక్కండి. దిగబడితే కత్తిని స్పిరిట్‌తో తుడిచి, గోధుమరంగు పోయి లోపల తెల్లగా, గట్టిగా కనబడేదాకా పలచటి చక్రాలుగా కోసుకుంటూ రండి. ప్రతి కోతకూ కత్తి మళ్ళీ తుడవాలి. తెల్లభాగం కనబడ్డాక ఇంకో అర సెంటీమీటరు తీసి, కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్ది, ఒకరోజు గాలికి ఆరనివ్వండి. వారం పాటు నీళ్ళు తోకవైపే పోయండి. వెనక కణుపుల్లో నిద్రపోతున్న మొగ్గల్లో ఒకటి సాధారణంగా నెల నుంచి రెండు నెలల్లో లేస్తుంది.

నాలుగో పాఠంలో కొమ్మును తొట్టిలోంచి తీయకుండానే కోసి రెండో మొక్క చేద్దాం. దానికి కనీసం ఆరు కణుపులు కావాలి. ఈలోగా తొట్టి అంచుమీద మార్కరుతో, మొన ఎక్కడుందో అక్కడ ఒక గీత పెట్టి పక్కన తేదీ రాసుకోండి.